కొండ పొద పిగిలిని పోల్చుకోవడం: చోటును ఎన్నిసార్లు లెక్కలోకి తీసుకోవాలి?

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఇంకా ఏడు కాకముందే, హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్ట మీద ఒక బండ పక్కనున్న రేగుపొదలో నాకు పసుపు గొంతు పిగిలి, అంటే కొండ పొద పిగిలి, కనిపించింది. కనిపించిందని ఆ పూట నిశ్చయంగా నమ్మాను. అది బుల్‌బుల్ కుటుంబపు పిట్టే అనడంలో సందేహం లేదు. గొంతు పసుపుగా ఉంది, తోక మొదట్లో కింది వైపూ పసుపుగానే ఉంది, వాలిన చోటు చూస్తే పెద్ద గ్రానైటు బండ. ఇంటికి వచ్చి మూడు ఫొటోలను పెద్దవి చేసి చూస్తే, మూడోదాంట్లో కంటి పైన సన్నటి తెల్ల గీత, కంటి కింద చిన్న నెలవంక లాంటి ఇంకొక తెల్ల మచ్చ తేలాయి. అది పొద పిగిలి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు మొదలుకొని ముళ్ళ పొదలు మిగిలిన ఏ ఖాళీ జాగాలోనైనా పొద్దున్నే గలగలా కూసే పిట్ట అదే. గొంతు మీది పసుపులో కొంత దాని సొంతం, కొంత లేత ఎండది, మిగతాది ఏదో పూల పుప్పొడి.

ఆ పొరపాటు కంటిది మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. నిజానికి నన్ను తప్పుదోవ పట్టించింది పసుపు కన్నా ఎక్కువగా ఆ బండ. పసుపు గొంతు పిగిలి దక్కన్ రాతి గుట్టల పిట్ట అని ఎన్నోసార్లు చదివి ఉన్నాను కాబట్టి, రాతి గుట్ట కనిపించగానే మనసు సగం తీర్పు ఇచ్చేసింది. మిగిలిన సగానికి సాక్ష్యం వెతకమని కళ్ళకు పురమాయించింది. పరిమితమైన పరిధిలో మాత్రమే బతికే పక్షులను అడవిలో పోల్చుకోవడంలో ఉన్న అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇలాంటి పక్షి విషయంలో చోటు చాలా బలమైన ఆధారం. అయితే ఆ ఆధారాన్ని మనకు తెలియకుండానే రెండుసార్లు, మూడుసార్లు లెక్కపెడతాం.

ముందు పిట్ట సంగతి చూద్దాం. దీన్ని 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది థామస్ జెర్డన్. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉంటూ నెల్లూరులో కూడా పనిచేసిన ఈయన, స్థానికుల నోట విన్న తెలుగు పేర్లను తన పక్షుల పుస్తకంలో రాసిపెట్టాడు. మామూలు పిట్టకు పొద పిగిలి అనీ, పసుపు గొంతు పిట్టకు కొండ పొద పిగిలి అనీ ఆ పుస్తకంలో ఉంది. ఈ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే, పిట్టలు పట్టి బతికిన వాళ్ళకు గుర్తింపు శాస్త్రం ఎంత తెలుసో అర్థమవుతుంది. రెండూ దగ్గరి పోలిక ఉన్న పిట్టలని పేరే ఒప్పుకుంటోంది. తేడా రంగులో కన్నా ముందు నెలవులో ఉందని కూడా ఆ పేరే చెబుతోంది. నా ఖాజాగూడ పొరపాటు కూడా ఆ పేరులోనే ఉంది. కొండ అన్న మాట పొదకు ముందు చేరి ఉండవచ్చు గానీ, కొండ మీద ఉన్న ప్రతి పొద పిగిలీ కొండ పొద పిగిలి కాదు.

ఈ పిట్ట దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నల్లమల, శేషాచలం కొండలు, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు, రిషి వ్యాలీ, కర్ణాటకలో నంది కొండ, రామనగర, సావనదుర్గ, హంపి పరిసరాల్లోని దరోజి, తమిళనాడులో సెంజి, ఏలగిరి, కేరళలో చిన్నార్ దీని చిరునామాలు. ఈ పేర్ల చుట్టూ పటం మీద గీత గీస్తే చాలా పెద్ద ఆకారమే వస్తుంది. అంతర్జాతీయ పక్షి సంరక్షకులు పరిమిత పరిధి అన్న మాటకు పెట్టుకున్న కొలత 50,000 చదరపు కిలోమీటర్లు. అంటే 1,12,077 చదరపు కిలోమీటర్ల తెలంగాణలో సగం కన్నా తక్కువ. పటం మీద గీసిన గీత ఈ కొలతను దాటినా దాటకపోయినా, అడవిలో నడిచేవాడికి అది పెద్దగా పనికిరాదు. గీత లోపలంతా పిట్ట ఉండదు కాబట్టి. చదునైన పొలాల మధ్య లేచిన ఒక్కొక్క రాతి గుట్ట ఒక్కొక్క దీవి. పొదలు దట్టంగా పట్టిన నిటారు వాలులో పిట్ట ఉంటుంది, గుట్ట దిగి వేరుశనగ చేనులోకి వస్తే ఉండదు. కాబట్టి పరిధిని రెండు కొలతల్లో అర్థం చేసుకోవాలి. పటం మీది గీత ఒకటి, గీత లోపలి మరకలు రెండోది. మనం బుద్ధిలో దాచుకునేది మొదటిది, పిట్ట పాటించేది రెండోది.

ఇక రూపం. పసుపు గొంతు పిగిలిలో తల అంతా పసుపు కలిసిన ఆకుపచ్చ. గొంతు చిక్కటి పసుపు, ఆ పసుపు బూడిద రంగు రొమ్ము దగ్గర తేటగా ఆగిపోతుంది. వీపు ఆలివ్ బూడిద, తోక కింద పసుపు, తోక చివర పాలిపోయిన పసుపు అంచు. ముఖం మీద గీతలు ఉండవు. పొద పిగిలిలో కంటి పైన తెల్లటి కనుబొమ, కంటి కింద తెల్ల మచ్చ, వాటి మధ్య కన్ను మీదుగా నల్లటి గీత ఉంటాయి. దాని గడ్డం కింద కూడా కాస్త పసుపు, తోక కింద కూడా కాస్త పసుపు ఉంటాయి. మోసపోయేది ఈ రెండు చోట్లే. పరిమాణం రెండింటిదీ సుమారు ఇరవై సెంటీమీటర్లు కనుక అది తేడా చెప్పదు. కూత కూడా పెద్దగా ఆదుకోదు. రెండింటి కూతా గబగబా పొంగి వచ్చే గలగలే. ఏళ్ళ తరబడి విన్నవాళ్ళు తేడా చెప్పగలరేమో గానీ, కూత మాత్రమే విని నమోదు చేయడాన్ని నేను ఇష్టపడను.

పుస్తకంలో ఇన్ని తేడాలు ఉన్నప్పుడు పొరపాటు ఎందుకు జరుగుతుందని అడగవచ్చు. దీనికి ఒక చిన్న లెక్క వేసి చూడాలి. అంకెలు ఊహించినవే గానీ లెక్క నిజమైనది. ఒక గుట్ట మీద రెండు పిట్టలూ ఉన్నాయనుకుందాం, వంద సార్లు బుల్‌బుల్ కనిపిస్తే 96 సార్లు పొద పిగిలి, 4 సార్లు కొండ పొద పిగిలి. చూసేవాడు చాలా మంచి కన్ను ఉన్నవాడు, నూటికి 95 సార్లు సరిగా చెబుతాడు. 96 పొద పిగుళ్ళలో దాదాపు 5 సార్లు అతను పొరబడి పసుపు గొంతు అంటాడు. నిజమైన 4 పసుపు గొంతులనూ అలాగే పిలుస్తాడు. అంటే అతను పసుపు గొంతు అని రాసిన 9 సార్లలో నిజమైనవి సగం కూడా లేవు. కన్ను నూటికి 95 పాళ్ళు నమ్మదగినదే, నమోదు మాత్రం సగం కూడా కాదు. అదే మనిషిని హార్స్‌లీ కొండ మీద, రెండూ సమానంగా ఉన్న ఒక వాలులో నిలబెడితే అతని మాట నూటికి 95 సార్లు నిజమవుతుంది. కన్ను మారలేదు, చోటు మారింది. అరుదైన పిట్టను చూశానన్న మాటను ఎదుటివాళ్ళు అనుమానంగా వినడం అసూయ వల్ల కాదు, ఈ లెక్క వల్ల. కొంత అసూయ కూడా ఉంటుంది, అది వేరే విషయం.

కాబట్టి ఒక్క గుర్తు చాలదు, రెండు మూడు గుర్తులు కావాలని అందరూ చెబుతారు. అయితే అక్కడే ఇంకొక మడత ఉంది, దాన్ని అంతగా ఎవరూ చెప్పరు. ఒక గుర్తు ఇరవై సార్లలో ఒకసారి మోసం చేస్తుందనుకుంటే, రెండు గుర్తులు కలిసి మోసం చేసేది నాలుగు వందల సార్లలో ఒకసారేనని లెక్క వస్తుంది. కానీ ఆ రెండు గుర్తులూ వేరువేరు కారణాల వల్ల మోసపోయినప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. గొంతు పసుపు, తల పసుపు, తోక కింది పసుపు అని నేను ఖాజాగూడలో మూడు గుర్తులు లెక్కపెట్టుకున్నాను. పొద్దుటి ఎండ వాలుగా పడితే మూడూ ఒకేసారి పసుపెక్కుతాయి. కెమెరా తెలుపును తప్పుగా పట్టుకుంటే మూడూ ఒకేసారి మారతాయి. చుట్టూ లేత ఆకులుంటే ఆ పచ్చదనం మూడింటి మీదా పడుతుంది. అంటే నా దగ్గర ఉన్నవి మూడు సాక్ష్యాలు కావు. ఒకే సాక్షి మూడుసార్లు చెప్పిన ఒకే మాట.

రంగు మీద ఆధారపడని గుర్తులు రెండు ఉన్నాయి. ఒకటి ముఖం మీద గీతలు లేకపోవడం. ఎండ ఎంత పసుపెక్కించినా కనుబొమ గీతను చెరిపేయలేదు. చెరిపేయగలిగేది దూరం, మసక, పిట్ట తల తిప్పిన కోణం. రెండోది తోక చివరి అంచు. పిట్ట ఎగిరి వాలేటప్పుడు తోక విసనకర్రలా విప్పుతుంది, ఆ ఒక్క క్షణంలో పాలిపోయిన అంచు కనిపిస్తుంది. దీనికీ దాని మోసం దానికుంది. ఈక ముదురు రంగు మెలనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది, మెలనిన్ ఈకను గట్టిపరుస్తుంది కూడా. అది లేని పాలిపోయిన అంచులు బండలకూ ముళ్ళకూ రాసుకుని ముందుగా అరిగిపోతాయి. కాబట్టి ఈకలు పాతబడ్డ పిట్టలో అంచు సన్నబడవచ్చు. తోక చివర తెలుపు మన వీధుల్లో తిరిగే మామూలు పిగిలిపిట్టకూ ఉంటుంది, అయితే దానికి నడుము దగ్గర కూడా తెల్లగా ఉండి, వెనక నుంచి చూసినప్పుడు అది ఇట్టే పట్టిస్తుంది. ముఖం మోసపోయే కారణం వేరు, తోక మోసపోయే కారణం వేరు, రంగు మోసపోయే కారణం వేరు. ఈ మూడూ ఒకే మాట చెప్పినప్పుడు దాన్ని గుర్తింపు అనవచ్చు.

మరి చోటు? అది నాలుగో సాక్షి, మంచి సాక్షి. దాన్ని ఒక్కసారే పిలవాలి. జరిగేది వేరు. గుట్ట ఎక్కేటప్పుడే ఇక్కడ ఏది ఉండవచ్చో మనసులో ఒక జాబితా ఉంటుంది, అది ఒకసారి. ఫీల్డ్ గైడ్ తెరిస్తే పిట్ట బొమ్మ పక్కనే పటం ఉంటుంది, అది రెండోసారి. పక్షులను గుర్తుపట్టి చెప్పే మెర్లిన్ యాప్‌కు ఫొటో ఇస్తే, అది ముందుగా ఎక్కడ, ఎప్పుడు అని అడిగి, ఆ చోట ఆ కాలంలో నమోదైన పక్షులకు పెద్దపీట వేసి జవాబు చెబుతుంది, అది మూడోసారి. పక్షుల నమోదులు దాచే ఈబర్డ్ వెబ్‌సైటులో మనం చూసిన పక్షుల చెక్‌లిస్టు ఎక్కించేటప్పుడు ఆ ప్రాంతానికి మామూలు కాని పక్షి అయితే వివరాలు అడుగుతుంది, స్థానిక సమీక్షకుడు దాన్ని పరిశీలిస్తాడు. పరిధి లోపలిదైతే ఎవరూ ఏమీ అడగరు, అది నాలుగోసారి. యాప్ కూడా అదే చెప్పింది అని మనం సంబరపడేటప్పుడు, యాప్ పిట్టను ఎంత చూసి చెప్పిందో, మన లొకేషన్‌ను ఎంత చూసి చెప్పిందో వేరు చేసి అడగం. పైగా ఆ నమోదులన్నీ కలిసి రేపటి పటం అవుతాయి. ఆ పటాన్ని నమ్మి ఎల్లుండి ఇంకొకరు గుట్ట ఎక్కుతారు. పటం నమోదును నిలబెడుతుంది, నమోదు పటాన్ని నిలబెడుతుంది, మధ్యలో పిట్ట ఉందో లేదో ఎవరికీ పట్టదు.

ఈ సుడి ఎంత దూరం తీసుకుపోగలదో అడవి పైడికంటి కథ చూపిస్తుంది. ఫారెస్ట్ అవ్‌లెట్ అని ఇంగ్లీషులో పిలిచే ఈ చిన్న గుడ్లగూబను 1873లో అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ వర్ణించాడు. మన ఊళ్ళలో చింతచెట్ల తొర్రల్లో ఉండే మామూలు పైడికంటితో దీన్ని పోల్చి చూడాలి: మామూలుదాని నడినెత్తి నిండా తెల్ల చుక్కలు, అడవిదాని నెత్తి దాదాపు చుక్కలు లేకుండా ఉంటుంది, రొమ్ము మీద ముదురు పట్టీలు ఒత్తుగా ఉంటాయి. 1884 తర్వాత అది ఎవరికీ దొరకలేదు. అయితే రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర ఒకదాన్ని సేకరించానని చెప్పడంతో, వెతికేవాళ్ళ దృష్టిలో ఆ చోటు కూడా పటంలోకి ఎక్కింది. దశాబ్దాల తర్వాత పమేలా రాస్ముసెన్ మ్యూజియం నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఆ 1914 నమూనా నిజానికి పాత సేకరణ నుంచి దొంగిలించి కొత్త చీటీ కట్టినదని తేల్చింది. తప్పుడు చీటీని పక్కన పెట్టి, నిజమైన నమూనాల చీటీల మీది ఊళ్ళను మాత్రమే నమ్మి వెళ్ళిన ఆమె బృందానికి 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర అది పట్టపగలు చెట్టు కొమ్మ మీద కనిపించింది. 113 ఏళ్ళ తర్వాత.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మలుపు దాని తర్వాతిది. ఇంకొన్నేళ్ళకు అడవి పైడికంటి గుజరాత్‌లో కూడా, డాంగ్స్ అడవుల్లో, నిజంగానే దొరికింది. అయినా 1914 నమోదు నిజం కాలేదు. పిట్ట ఒక రాష్ట్రంలో ఉండటం వేరు, ఉందని ఒకరు చెప్పిన మాటకు సాక్ష్యం ఉండటం వేరు.

కలివి కోడి (జెర్డన్స్ కోర్సర్) కథలో చోటు ఇంకొక రకంగా పనిచేసింది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ వర్ణించిన ఈ పక్షి ప్రపంచంలో మన పెన్నా, గోదావరి లోయల వైపే ఉందని తెలిసినా, 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానిక పిట్టల వేటగాళ్ళ సాయంతో లంకమల కొండల పాదాల దగ్గర దాన్ని తిరిగి కనుగొన్నారు. చోటు సరైనదే, వేళ సరైనది కాదు. అదే కుటుంబానికి చెందిన మామూలు కోర్సర్ బయలు నేలల్లో పగలు పరుగెత్తే పక్షి; ఇది ముళ్ళ పొదల సందుల్లో రాత్రి తిరుగుతుంది. కలివి పొదల కోడి అని పేరు పెట్టినవాళ్ళకు అది ఎక్కడ తిరుగుతుందో తెలుసు. తర్వాతి ఏళ్ళలో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారాక ఆ మట్టిలో పడ్డ కాలి ముద్రలను కొలిచి, వాటిని చితవ లాంటి ఇతర పక్షుల ముద్రలతో పోల్చి దాని ఉనికిని పట్టుకున్నారు. ఇక్కడ రంగు లేదు, కూత లేదు, పక్షే లేదు; అయినా ఆ సాక్ష్యం నా ఖాజాగూడ ఫొటోల కన్నా గట్టిది, ఎందుకంటే ముద్ర కొలత ఎండ మీదా చూసేవాడి ఆశ మీదా ఆధారపడదు.

అసలు పసుపు గొంతు పిగిలిని నేను మొదటిసారి చూసింది హార్స్‌లీ కొండ మీద. వెళ్ళిన మొదటి గంటలోనే కనబడ్డ ప్రతి బుల్‌బుల్‌నూ అదే అనుకోవడం మొదలుపెట్టాను. పరిధి లోపల జరిగే పొరపాటు ఇదే, బయట జరిగేదానికి తలకిందులు. చివరికి ఒక బండ అంచున ఉన్న చిన్న మర్రిచెట్టులో పండ్లు తింటూ ఒకటి నాకు ఇరవై అడుగుల దూరంలో ఆగింది. నేను చూసింది గొంతు కాదు, ముఖం. ఆ ముఖం ఖాళీగా ఉంది. పసుపు పచ్చటి నున్నటి ముఖంలో కన్ను ఒక్కటే బొట్టులా ఉంది, పైనా కిందా గీత లేదు. పొద పిగిలిని వందల సార్లు చూసినవాడికి ఆ ఖాళీ ఎంత వింతగా అనిపిస్తుందో చెప్పలేను. రోజూ కళ్ళజోడు పెట్టుకునే మనిషి ఒకరోజు తీసేసి ఎదురొచ్చినట్టు ఉంటుంది. అది లోయలోకి దూకినప్పుడు తోక విచ్చుకుని చివర పాలిపోయిన అంచు మెరిసింది. అరుదైనదాన్ని పోల్చుకోవాలంటే మామూలుదాన్ని విసుగొచ్చేదాకా చూసి ఉండాలని నేననేది ఇందుకే. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకు ఆ సౌకర్యం ఉంది, పొద పిగిలి కోసం నగరం దాటనక్కర్లేదు.

రాసుకునే పద్ధతి గురించి కూడా ఒక మాట. పుస్తకం తెరవకముందే, యాప్ అడగకముందే, చూసింది చూసినట్టు రాయాలి. కనిపించనిది కూడా రాయాలి. తోక చూడలేదు అన్న వాక్యం తోక చివర పసుపు అన్న వాక్యమంత విలువైనది. వెలుతురు ఎటు నుంచి పడిందో, పిట్ట ఎంత దూరంలో ఉందో, ఎంతసేపు కనిపించిందో రాస్తే, పదేళ్ళ తర్వాత చదివేవాడు మన గుర్తింపును మనకన్నా బాగా తూచగలడు. కూత రికార్డు వినిపించి పిట్టను బయటికి రప్పించడం గూళ్ళు కట్టే కాలంలో దానికి చేటు, పైగా పొద పిగిలి కూడా ఆ కూతకు వచ్చి వాలవచ్చు కాబట్టి గుర్తింపుకు పెద్దగా ఒరిగేదీ లేదు. ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ పిట్ట ఉండే గుట్టలు గ్రానైటు గుట్టలు. క్వారీ పడితే గుట్టే పోతుంది. పోయిన గుట్ట మీది నమోదును మళ్ళీ వెళ్ళి సరిచూసుకునే దారి ఉండదు, మిగిలేది నోటు పుస్తకంలోని ఆ నాలుగు వాక్యాలే. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో దీన్ని ముప్పు ఉన్న జాతుల్లో చేర్చడానికి కారణాల్లో ఈ తవ్వకం ఒకటి.

పోయిన చలికాలంలో శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవిలోకి వెళ్ళినప్పుడు, లోయ అంచున బండల మధ్య ఒక బుల్‌బుల్ వెనక వైపు మాత్రమే చూపించి పొదలోకి దూరింది. నడుము దగ్గర తెలుపు లేదు. తోక చివర పాలిపోయినట్టు ఉంది. నల్లమల, రాతి వాలు, పొదలు. చోటు చెప్పవలసినదంతా చెప్పింది. అరగంట కూర్చున్నా అది ముఖం చూపించలేదు. ఆ రోజు పుటలో ఉన్నది ఇంతే: బుల్‌బుల్, ఒకటి, వెనక నుంచి, నాలుగు సెకన్లు, ఎండ ఎదురుగా, ముఖం చూడలేదు, జాతి తేలలేదు.